మామయ్యగారి కుర్చీలోంచి వింటే

చీర కొనడానికి నాలుగు షాపులు తిప్పుతామని మన మీద బోలెడు జోకులు కదా! మరి మా ఇంట్లో రెండు చెక్కపెట్టెలు కొనడానికి మూడు నెలలు పట్టింది. షాపుల చుట్టూ తిరిగే ఉత్సాహం మావారిది, చివరికి ఎంచింది నేను. అవును, స్పీకర్ల గురించే చెప్తున్నాను. పచ్చళ్ళ గురించీ, పిల్ల పరీక్షల గురించీ రాసుకునే దీనికి ఈ ట్వీటర్లూ వూఫర్ల గోలేమిటని నవ్వుకోకండి. మొత్తం చదివాక మీరే అంటారు, ఇదీ సంసారం కబురేనని.

మా ఇంట్లో పాటల పిచ్చి మామయ్యగారి దగ్గర మొదలైంది. ఆయన హైస్కూల్లో తెలుగు మాష్టారుగా చేసి రిటైరయ్యారు. విజయవాడ రేడియోలో భక్తిరంజనితో తెల్లారే ఇల్లు వాళ్ళది. పెళ్ళిచూపుల్లో నేను బి.ఏ. తెలుగు అని తెలిసి, కట్నం మాట కూడా ఎత్తకుండా సంబంధం ఖాయం చేసుకున్నది కూడా ఆయనే. ఆ పాటల పిచ్చి మావారికీ అంటింది. 1999లో మొదటి బోనస్ డబ్బుతో ఒక యాంప్లిఫయరూ, ఓ జత స్పీకర్లూ కొన్నారు. ఆ తర్వాత రెండేళ్ళకి ఫ్రిజ్ కొన్నారు. ఏది ముందో అప్పుడే అర్థమైంది నాకు!

ఆ స్పీకర్లు ఇన్నాళ్ళూ బాగానే పాడాయి. వూఫర్ అంచు చుట్టూ మెత్తటి ఫోమ్ పట్టీ ఉంటుంది. మన ఉక్కకి కొన్నేళ్ళయ్యేసరికి అది పాత స్పాంజిలా పొడిపొడిగా రాలిపోతుంది. ఒకసారి కొత్త పట్టీ వేయించాం. రెండోసారి కూడా రాలిపోయింది. మృదంగం మోగినప్పుడల్లా తడిసిన డప్పులా బరబరమనడం మొదలైంది. ఇక కొత్తవి కొందామనుకున్నాం. నెలకి 10 వేల చొప్పున 30 నెలలు నేను కట్టిన చీటీ, పాట పాడకుండా చివరిదాకా ఉంచిన డబ్బు, 3 లక్షలు చేతికి వచ్చి ఉంది. "ఈసారి జీవితానికి సరిపోయేవి కొందాం" అన్నారు మావారు. నేనూ సరే అన్నాను. అయితే నా మనసులో ఉన్న లెక్క వేరు.

రోజూ సాయంత్రం దీపం పెట్టాక ఓ గంట పాటలు వినడం మా ఇంటి అలవాటు. అత్తయ్యగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వినేవారు. మామయ్యగారు కిటికీ పక్కన పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని, కుర్చీ చేతి మీద వేళ్ళతో తాళం వేస్తూ వినేవారు. అత్తయ్యగారు పోయి 3 ఏళ్ళయింది. ఆ తర్వాత ఆయన నెమ్మదిగా హాల్లోకి రావడం తగ్గించేశారు. పాటలు పెడితే ఓ పది నిమిషాలు కూర్చుని, "మీరు వినండమ్మా" అని గదిలోకి వెళ్ళిపోయేవారు. "నాన్న విరాగి అయిపోయాడు వదినా" అని మా ఆడపడుచు కళ్ళనీళ్ళు పెట్టుకునేది. మావారూ అదే అనుకున్నారు.

రోజంతా ఇంట్లో ఉండేది నేను కదా. నాకు వేరే సంగతులు కనిపించేవి. ఎదురుగా నిలబడి అడిగితే సరిగ్గానే జవాబు చెప్తారు. వంటింట్లోంచి అడిగితే ఒకదానికొకటి చెప్తారు. పంపు నీళ్ళ చప్పుడుంటే అసలు పలకరు. టీవీలో జోకుకి మేమంతా నవ్వాక, మా మొహాలు చూసి నవ్వుతారు. చింతపండు తెమ్మంటే సంత ఎప్పుడని అడిగారోసారి. విరాగికి చింతపండు సంతలా ఎందుకు వినపడుతుంది చెప్పండి?

చెవి పరీక్ష మాట ఎత్తితే మాత్రం కోపం. "నాకు శుభ్రంగా వినిపిస్తోంది. ఈ కాలం వాళ్ళకే నోట్లో మాట నోట్లోనే ఉంటోంది" అనేవారు. ముప్పై ఏళ్ళు పిల్లల ఉచ్చారణ దిద్దిన మాష్టారు! ఆయన్ని ఎవరు కాదనగలరు?

అప్పుడే నాకు బి.ఏ.లో చదివిన వర్ణమాల పాఠం అక్కరకొచ్చింది. క చ ట త ప లు పరుషాలు, శ ష స హ లు ఊష్మాలు అని బట్టీ పట్టాం కదా. ఊష్మాలంటే ఊపిరి ఒత్తిడితో పలికేవి. ఈ స్పీకర్ల సంగతులు చదువుతుంటే తెలిసింది, మనిషి చెవి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుందిట. అ, ఆ, ఓ లాంటి అచ్చుల బలమంతా కింది భాగంలో ఉంటుంది. 'స' లాంటి అక్షరం బలం మాత్రం 4,000 హెర్ట్జ్ పైన ఉంటుంది. స్పీకర్‌లో పైనుండే చిన్న బిళ్ళ, అదే ట్వీటర్, పలికించేది ఈ సన్నటి శబ్దాలనే. వయసు మీదపడే కొద్దీ మన చెవిలో ముందు పోయేది కూడా ఈ పై భాగమే. అందుకే పెద్దవాళ్ళకి మాట వినపడుతుంది, ఏ మాటో తెలియదు. గట్టిగా అరిస్తే అచ్చులు ఇంకా గట్టిగా వినపడతాయి తప్ప, పోయిన హల్లులు తిరిగి రావు. అందుకే వాళ్ళు "అరవకు, స్పష్టంగా చెప్పు" అంటారు. అది విసుగు కాదు. వాళ్ళకి వినిపిస్తున్నది ఉన్నదున్నట్టు చెప్పడం.

ఇంకో ముచ్చట. ఒకే వయసు ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ పోలిస్తే, సగటున ఈ సన్నటి శబ్దాలు ఆడవాళ్ళకే బాగా వినిపిస్తాయిట. మావారికి ఇది చదివి వినిపించాను. "అందుకేనా, నేను పక్కగదిలో చాక్లెట్ కాగితం విప్పినా నీకు వినపడుతుంది" అన్నారు.

కాబట్టి నా లెక్క ఏమిటంటే, అక్షరం అక్షరం విడివిడిగా పలికే స్పీకర్లు వస్తే మామయ్యగారు మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుంటారేమో చూడాలి. కూర్చోకపోతే, లోటు ఎక్కడుందో కనీసం ఆయనకే తెలుస్తుంది.

మొదట వెళ్ళింది ఒక పెద్ద షోరూముకి. ఏసీ గది, మెత్తటి సోఫా, నా భుజం ఎత్తు నల్లటి టవర్ స్పీకర్లు. అక్కడి అబ్బాయి మావారికి అన్నీ వివరంగా చెప్పాడు. నా వైపు తిరిగి మాత్రం, "మేడమ్, ఇందులో వాల్‌నట్ కలర్ కూడా ఉంది, మీ కర్టెన్లకి మ్యాచ్ అవుతుంది" అన్నాడు. కర్టెన్ల సంగతి నేను ఇంటికెళ్ళి చూసుకుంటాలెండి అనుకున్నాను. అతను తెచ్చిన పాటలే వేశాడు. అన్నీ గిటార్ టింగుటింగులూ, గుండెల మీద గుద్దినట్టుండే డ్రమ్ములూ. వినడానికి అద్భుతంగా ఉంది. మావారి కళ్ళల్లో మెరుపు చూశాను. ధర 2 లక్షల 80 వేలు.

అక్కడ నేనొకటి గమనించాను. తక్కువ ధర జత వినిపించాక, ఎక్కువ ధర జత పెట్టేటప్పుడు ఆ అబ్బాయి చెయ్యి వాల్యూం దగ్గరికి వెళ్ళొచ్చింది. రెండిట్లో ఏది కొంచెం గట్టిగా మోగితే అదే బాగున్నట్టనిపించడం మన చెవి స్వభావం. పోపులో ఇంగువ ఎక్కువైతే చారు రుచి సంగతి తెలియనట్టే. "బాబూ, రెండూ ఒకే చప్పుడుతో పెట్టి వినిపించు" అన్నాను. మా అమ్మాయి ఫోనులో శబ్దం కొలిచే యాప్ వేసి పట్టుకుంది. సమానం చేసి వింటే తేడా సగానికి తగ్గింది. ఆ అబ్బాయి నవ్వు కూడా సగానికి తగ్గింది.

అన్నట్టు, ఒకే వాల్యూం దగ్గర రెండు స్పీకర్లు వేర్వేరుగా మోగడానికి షాపువాళ్ళ చెయ్యే కారణం అక్కర్లేదు. కొన్ని స్పీకర్లు తక్కువ కరెంటుకే గట్టిగా పలుకుతాయి, కొన్నిటికి ఎక్కువ కావాలి. పెట్టె వెనకాలో, కాగితం మీదో 83, 85, 88 అని డెసిబెల్స్‌లో రాసి ఉంటుంది. 3 తగ్గితే అంతే చప్పుడుకి రెట్టింపు వాట్లు కావాలి. మా పాత యాంప్లిఫయర్ 50 వాట్లది. మా 12 బై 14 హాలుకి అది చాలునని లెక్క తేలింది. కొత్త యాంప్లిఫయర్ ఖర్చు అక్కడే ఆగింది.

రెండో షాపుకి వెళ్ళేటప్పుడు నా పాటలు నేనే పట్టుకెళ్ళాను. నాలుగే నాలుగు సీడీలు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి విష్ణుసహస్రనామం ఒకటి. శ, ష, స లు దానిలో ఉన్నన్ని ఇంకెక్కడుంటాయి! ట్వీటర్ గరుకుగా ఉంటే ప్రతి 'స' దగ్గరా కుక్కర్ విజిల్ లాగా చెవిలో గుచ్చుకుంటుంది. మొద్దుగా ఉంటే శ, స ఒకటైపోతాయి. రెండోది 1957 నాటి మాయాబజార్‌లో ఘంటసాల, పి. లీల గార్ల పడవ పాట. అది మోనో రికార్డింగు. రెండు పెట్టెల్లోంచీ ఒకే శబ్దం వస్తుంది కాబట్టి, రెండూ సరిగ్గా జతపడితే గొంతులు గోడ మధ్యలో, ఏ పెట్టే లేనిచోట నిలబడాలి. మూడోది చిట్టిబాబు గారి వీణ. తీగ మీటిన క్షణమూ, ఆ నాదం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయే చివరా రెండూ వినపడాలి. నాలుగోది ఘంటసాల గారి భగవద్గీత. శ్లోకాలకంటే నాకు కావాల్సింది మధ్యలో ఆయన తెలుగులో చెప్పే తాత్పర్యం. మనిషి మాట్లాడే గొంతు మనకి పుట్టినప్పటినుంచీ తెలుసు. వయొలిన్ కొంచెం అటూఇటూ అయితే పోల్చుకోలేమేమోగానీ, గొంతులో తేడా ఇట్టే పట్టేస్తాం.

అయితే మన ఊళ్ళలో ఘంటసాల భగవద్గీత ఎప్పుడు మోగుతుందో మీకు తెలుసు కదా! షాపులో అది మొదలవగానే బయట టీవీ చూస్తున్న ఒకాయన లోపలికి తొంగిచూసి, "ఎవరైనా పోయారా అండీ?" అన్నాడు. మావారు తలదించుకున్నారు. మా అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. షాపు యజమాని మాత్రం, ఆయన అరవై దాటిన మనిషి, నవ్వి, "సరైన పరీక్ష ఇదేనమ్మా" అన్నారు. ఆయన నన్ను కూర్చోబెట్టి రెండు జతలు వినిపించారు. రెండూ చిన్నవే, బల్ల మీదో స్టాండు మీదో పెట్టుకునేవి.

ఒకటి హార్బెత్ వాళ్ళ పీ3. దీని కథ ఆయనే చెప్పారు. లండన్ బీబీసీ రేడియోకి సొంత పరిశోధన విభాగం ఉండేది. అక్కడి ఇంజనీర్లకి కావాల్సింది గొంతు ఉన్నదున్నట్టు వినిపించే స్పీకర్. బయట ఊళ్ళలో కార్యక్రమాలు రికార్డు చేసే వ్యాన్లలో పట్టేలా వాళ్ళు తయారుచేసిన ఎల్ఎస్3/5ఏ అనే చిన్న పెట్టె ఇప్పటికీ పేరు చెప్పుకుంటారు. ఆ విభాగంలో పనిచేసిన డడ్లీ హార్వుడ్ అనే ఆయన 1977లో సొంతంగా కంపెనీ పెట్టి, తన ఇంటిపేరులో ముందు ముక్కనీ, భార్య ఎలిజబెత్ పేరులో చివరి ముక్కనీ కలిపి హార్బెత్ అన్నారు. అదే బీబీసీలో పనిచేసిన స్పెన్సర్ హ్యూస్ తన కంపెనీకి పెట్టిన పేరు స్పెండార్. స్పెన్సర్‌లో స్పెన్, భార్య డొరొతీలో డోర్! ఇది విని నేను మావారి వైపు చూశాను. "మన బ్యాంకు అకౌంటు జాయింటే కదా" అన్నారు ఆయన.

రెండోది కెఫ్ వాళ్ళ ఎల్ఎస్50. 1961లో రేమండ్ కుక్ అనే ఆయన ఇంగ్లండులో కెంట్ ప్రాంతంలో పెట్టిన కంపెనీ అది. ఆయనా ఒకప్పుడు బీబీసీలో పనిచేసినాయనేట. యాభై ఏళ్ళ పండక్కి 2012లో ఈ జత తెచ్చారు. దీని ప్రత్యేకత, ట్వీటర్ పైన విడిగా కాకుండా వూఫర్ నడిమధ్యలో బొడ్డులా ఉంటుంది.

షాపులో మధ్య కుర్చీలో కూర్చుని వింటే నా మనసు హార్బెత్ దగ్గరే ఆగిపోయింది. ఎలా చెప్పను? సుబ్బులక్ష్మి గారు ఊపిరి తీసుకోవడం వినిపించింది. ఘంటసాల గారు తాత్పర్యం చెబుతుంటే, పక్కన కూర్చుని చెప్తున్నట్టే ఉంది. ఇన్నేళ్ళూ విన్న గొంతే, ఎవరో ఎదురుగా ఉన్న తెర తీసినట్టుంది. నాకు కళ్ళు చెమర్చాయి. ధర కెఫ్ కంటే బాగా ఎక్కువ. ఉన్న 3 లక్షల్లో వస్తుంది, కానీ పెద్ద ముక్కే పోతుంది.

ఆయన మంచి మనిషి. "షాపులో విని కొనకండమ్మా. మీ గదే సగం స్పీకరు" అన్నారు. చెక్కు రాయించుకుని, డెమోకి ఉంచిన రెండు జతలూ శనివారం ఇచ్చి, సోమవారం తెమ్మన్నారు.

ఆయన మాట నిజం. మా హాల్లో నేలంతా టైల్సు, ఒకవైపు బాల్కనీ గాజు తలుపు. మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే టంగుమని తిరిగొస్తుంది. పైన దాచిన జంపఖానా దించి పరిచాం, దుప్పటంత మందం కర్టెన్లు వేశాం. పుస్తకాల బీరువా తలుపులు తీసి ఉంచమంది మా అమ్మాయి. పుస్తకాలు శబ్దాన్ని అక్కడక్కడా విరగ్గొట్టి, కొంత మింగేస్తాయిట. చప్పట్లు మళ్ళీ కొడితే టంగుమనడం పోయింది. రూపాయి ఖర్చులేకుండా సగం పని అయింది.

ఇక అసలు పరీక్ష. మామయ్యగారికి గీతా, సహస్రనామాలూ కంఠతా వచ్చు. తెలిసిన మాటల్ని చెవి వినకపోయినా బుర్ర పూరించేసుకుంటుంది. అందుకని నేను ఒక్క అక్షరం తేడాతో ఉండే మాటలు 20 రాశాను. కల, తల. కాసు, కాపు. సీత, గీత. చేట, చేప. పసి, పతి. ఇలా. వరస కలిపేసి మా అమ్మాయి చేత చదివించి ఫోనులో రికార్డు చేశాను. "తాతగారూ, ఈ స్పీకర్లలో ఏది బాగుందో మీరే చెప్పాలి. డిక్టేషన్ రాయండి" అని కాగితం, పెన్ను ఇచ్చింది అది. డిక్టేషన్ అనేసరికి ఆయన మొహం వెలిగింది. వచ్చి తన పడక్కుర్చీలో కూర్చున్నారు, కిటికీ పక్కన, ఆ మూల.

పాత స్పీకర్లలో 20కి 11 రాశారు. హార్బెత్‌లో 13. కెఫ్‌లో 15.

నాకు ఆశ్చర్యం వేసి, ఆయన లేచాక ఆ కుర్చీలో నేను కూర్చుని విన్నాను. అప్పుడర్థమైంది. సన్నటి శబ్దాలు టార్చి వెలుగులా సూటిగా పోతాయి, లావు శబ్దాలు దీపం వెలుగులా నలుదిక్కులా పరుచుకుంటాయి. ఆ కుర్చీ రెండు పెట్టెలకీ పక్కగా ఉంది. అక్కడికి స, త లు చేరేటప్పటికి పలచబడుతున్నాయి. ట్వీటర్ నడిమధ్యలో ఉన్న ఆ జతలో మాత్రం పక్కకి కూడా మాట దాదాపు అలాగే వస్తోంది. మధ్య సోఫాలో కూర్చుంటే హార్బెత్. మామయ్యగారి కుర్చీలో కూర్చుంటే కెఫ్. కుర్చీని మధ్యలోకి జరపమనొచ్చు మీరు. ముప్పై ఏళ్ళుగా ఆయన కిటికీ పక్కనే కూర్చుంటున్నారండీ, ఏ ఇంట్లో ఉన్నా. ఆయన్ని జరిపేకంటే స్పీకర్లని మార్చడం తేలిక.

ఇంతలో మామయ్యగారు మూడు కాగితాలూ తీసుకుని, ఎర్ర పెన్ను అడిగి, అసలు జాబితా ముందు పెట్టుకుని తనే దిద్దుకోవడం మొదలుపెట్టారు. తల అన్నచోట కల. కాసు అన్నచోట కాపు. మూడు కాగితాల్లోనూ సున్నాలు చుట్టారు. చాలాసేపు చూశారు. ఆ తర్వాత కళ్ళజోడు తీసి,

"తప్పులన్నీ ఒక్కచోటే ఉన్నాయమ్మాయ్. స, త, క. పెట్టెలు మూడూ మార్చావు, తప్పులు మారలేదు. లోపం పెట్టెలో లేదు" అన్నారు.

ఎవ్వరం మాట్లాడలేదు. మావారు వెళ్ళి ఆయన పక్కన నేలమీద కూర్చున్నారు. కాసేపయ్యాక మామయ్యగారే, "మీ అత్తయ్య చివరి రోజుల్లో ఏదో చెబుతుండేది. నీరసంగా ఉంది కదా, అందుకే సరిగ్గా వినపడటం లేదనుకున్నాను" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నాలో మెదులుతూనే ఉంది.

సోమవారం హార్బెత్ జత తిరిగి ఇచ్చేశాం. పెట్టెలో సర్దుతుంటే నా చేతులు కాస్త నెమ్మదిగానే కదిలాయి, దాచుకోవడమెందుకు! కెఫ్ డెమో జతే మాకు కొంత తగ్గించి ఇచ్చారు ఆయన. మిగిలిన డబ్బు పక్కన పెట్టి, ఆ వారమే మామయ్యగారిని చెవి పరీక్షకి తీసుకెళ్ళాం. ఈసారి ఆయనే చొక్కా తొడుక్కుని రెడీగా కూర్చున్నారు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, బీప్ వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. గీసిన గ్రాఫు చూపించారు. ఎడమవైపు లావు శబ్దాల దగ్గర గీత బాగానే ఉంది. కుడివైపు సన్నటి శబ్దాలకి వెళ్ళేకొద్దీ, మెట్లు దిగినట్టు కిందికి దిగిపోయింది. మామయ్యగారు దాని మీద వేలు పెట్టి, "ఇవీ మా ఊష్మాలు" అన్నారు ఆ డాక్టరమ్మతో. ఆవిడకి అర్థం కాలేదు. నాకూ ఆయనకీ అర్థమైంది.

రెండు చెవులకీ మిషన్లు పెట్టారు. ఒకటి చెప్పాలి, మీ ఇంట్లో పెద్దవాళ్ళకి పెట్టించేటప్పుడు అడగండి. ఈ మిషన్లని మాటలకోసం సర్దుతారు. అదే సర్దుబాటుతో పాట వింటే వయొలిన్ వణికినట్టు, గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉండొచ్చు. "మా ఇంట్లో రోజూ పాటలు వింటాం" అని చెబితే సంగీతానికి విడిగా ఒక ప్రోగ్రాం పెట్టి ఇచ్చారు. ఇంకోటి, మొదటి రోజే అంతా బాగుంటుందనుకోకండి. మొదటి వారం ఆయనకి ప్రతీదీ గోలే. పేపరు తిప్పితే గోల, ఫ్యాను గోల, నేను వేసే పోపు చిటపటా గోల. "ఇంత రొద మధ్య వంటెలా చేస్తున్నావమ్మా" అని నన్ను చూసి జాలిపడ్డారు. చెవి మర్చిపోయిన శబ్దాల్ని బుర్ర మళ్ళీ అలవాటు చేసుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఓపిగ్గా పెట్టుకోమని బతిమాలుకోవాలి, అంతే.

మీలో ఎవరింట్లోనైనా స్పీకర్లు కొనే ఆలోచన ఉంటే ఇవి గుర్తుపెట్టుకోండి. మీ పాటలే పట్టుకెళ్ళండి, వందసార్లు విన్నవి. రెండు జతలూ ఒకే చప్పుడుతో వినిపించమనండి. మనిషి మాట్లాడే గొంతు తప్పకుండా వినండి. ఇంటికి తెచ్చుకుని వినే వీలుంటే వదులుకోవద్దు. గోడకి ఆనించకుండా ఓ అడుగున్నర, రెండడుగులు ముందుకి జరిపితే బేస్ గుంయ్‌మనడం తగ్గుతుంది, ముఖ్యంగా పెట్టె వెనకాల రంధ్రం ఉన్నవాటికి. ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఆ కుర్చీల్లో ఒక్కొక్కదాంట్లో కూర్చుని వినండి. షాపువాళ్ళు కర్టెన్ల రంగు గురించే చెబుతుంటే చెప్పనివ్వండి, మన చెవులు మన దగ్గరే ఉన్నాయి కదా.

హార్బెత్ గొంతు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంటుంది. అమ్మాయి ఉద్యోగంలో చేరాక కొంటానంటోంది. చూద్దాం.

మొన్న సాయంత్రం దీపం పెట్టి వచ్చేసరికి మామయ్యగారు కుర్చీలో ఉన్నారు. ఏదో కొత్త గొంతు, ఓ అమ్మాయి కీర్తన పాడుతోంది. బాగానే పాడుతోంది అనుకుంటున్నాను నేను. ఆయన వేళ్ళ తాళం టక్కున ఆగింది. మొహం చిట్లించి, "అమ్మాయ్, విన్నావా? 'శ' అనాల్సిన ప్రతిచోటా 'స' అంటోంది. ఈ పిల్లలకి ఎవరు నేర్పుతున్నారో ఏమిటో!" అన్నారు.

మావారు నా వైపు చూశారు. నేను గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయాను, నవ్వుతున్నానో ఏడుస్తున్నానో ఆయనకి కనబడకుండా.